పావులూరి మల్లన: జీవితము, సంఖ్యాస్థానక్రమము

రాజమహేంద్రవరమును రాజధానిగా జేసికొని వేంగీదేశము నేలిన చాళుక్య రాజరాజనరేంద్రుని కాలము (1022–1061) తెలుగు కావ్యమునకు ఆదికాలముగా ప్రసిద్ధి గాంచినది. నన్నయ భట్టారకుడు భారతాంధ్రీకరణమునకు పూనుకొన్నది ఆ రాజు కొలువుననే. ఆ రాజు పేరుతోడనే ముడివడియున్న మరియొక కుటుంబము కలదు. అది పావులూరివారి కుటుంబము. కావ్యమునకు నన్నయ యెట్టివాడో, శాస్త్రమునకు పావులూరి మల్లన యట్టివాడు. తెలుగున వెలసిన తొలి శాస్త్రగ్రంథము వ్యాకరణము గాదు, ఛందస్సు గాదు, గణితము. సారసంగ్రహ గణితమని దానికి పేరు. జనవ్యవహారమున పావులూరి గణితముగా వాడుకకెక్కినది. గ్రంథము కర్త యింటిపేరుతో పిలువబడుట దానికి కలిగిన వ్యాప్తికి నిదర్శనము.

మల్లన జీవితమునకు ముఖ్యాధారము ఆతడు తన వంశమును గూర్చి చెప్పికొన్న పద్యములే. వాని సారాంశ మిది. రాజరాజనరేంద్రుని వలన పీఠపురము చెంతనున్న నవఖండవాడను పొందినవాడు మల్లన. అతని కుమారుడు శివన్న. శివన్నకు గౌరమ్మ యందు జన్మించినవాడు మరల మల్లన. తాతపేరు మనుమనికి పెట్టుట తెలుగునాట నేటికిని చెల్లుచున్న ఆచారమే గాని, చరిత్రకారులకు అది చిక్కు తెచ్చిపెట్టినది. తొలి కవిచరిత్రకారులు కొందరు అగ్రహారము నందిన మల్లనయే గణితకర్తయని తలంచి, ఆతనిని నన్నయకు సమకాలికునిగా నిలిపిరి. వంశపద్యములను క్రమముగా చదివినచో గణితకర్త మనుమడగు రెండవ మల్లనయే యని తేలును. దానగ్రహీతకును గ్రంథకర్తకును నడుమ శివన్న యొక డున్నాడు. ఆతనిని లెక్కలో విడువరాదు. సంఖ్యల వరుసను గూర్చి తెలుగున మొదట వ్రాసినవాని కాలనిర్ణయమున, తరముల వరుసయే తప్పుట విచిత్రము.

ఇది పేరుకు సంబంధించిన చిన్న తగవు కాదు. తాతయే కర్త యైనచో తెలుగున కావ్యమును శాస్త్రమును ఒకే కొలువున, ఒకే దశకములలో పుట్టినవని చెప్పవలసి వచ్చును. మనుమడు కర్త యైనచో, నన్నయ భాష కొక మార్గమేర్పరచిన పిమ్మట, ఆ మార్గమున శాస్త్రము నడచినదని చెప్పవలయును. రెండవదియే యుక్తము. మనుమని జీవితకాలము 11వ శతాబ్ది ఉత్తరార్ధమునను, 12వ శతాబ్ది ఆరంభమునను పడును. అనగా రాజరాజనరేంద్రుని కుమారుడు 1070లో చోళ సింహాసన మెక్కి కులోత్తుంగుడుగా పేరొంది, వేంగిని తన ప్రతినిధులచేత ఏలించిన కాలమది. ప్రాచీనతలో కొన్ని దశకములు తగ్గినంత మాత్రమున మల్లన గౌరవమునకు లోపము లేదు. గణితవిషయమున తెలుగున ఆతనికి ముందువాడు కనబడడు.

పావులూరు అను గ్రామము నేటి బాపట్ల జిల్లాలో కలదు. ఆ కుటుంబము గోదావరి మండలమున స్థిరపడుటకు నవఖండవాడ దానమే మూలమని భావింపవచ్చును. నేడు కాకినాడ జిల్లాలో పిఠాపురమునకు చేరువ నవఖండ్రవాడ యను పేర ఆ గ్రామము నిలిచియున్నది. పిఠాపురము సామాన్యమైన ఊరు కాదు. సముద్రగుప్తుని అలహాబాదు శాసనమునందే పిష్టపురముగా పేర్కొనబడిన ప్రాచీన నగరము. కుక్కుటేశ్వరస్వామి వెలసిన శైవక్షేత్రము. శివన్న, గౌరమ్మ, మల్లన యను పేర్లే ఆ యింటి శివభక్తిని చెప్పుచున్నవి. అట్టి శైవుడు తెనిగింప నెన్నుకొన్నది ఒక జైనాచార్యుని గ్రంథము.

ఆ గ్రంథము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు రాష్ట్రకూట నృపతుంగుడగు అమోఘవర్షుని కాలమున, సుమారు 850 ప్రాంతమున నుండెను. ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు గణితమును జ్యోతిషసిద్ధాంతములలో అధ్యాయములుగా చేర్చిరి. మహావీరుడు గ్రహగణితముతో పొత్తు లేక గణితమునే ప్రత్యేకశాస్త్రముగా కూర్చెను. సంజ్ఞాధికారముతో మొదలై ఛాయావ్యవహారముతో ముగియు తొమ్మిది అధికారముల గ్రంథమది. పదునొకండు వందలకు మించిన శ్లోకములు. వేంగీదేశమున జైనమునకు పూర్వము రాజాదరణ యుండెను. రెండవ అమ్మరాజు (10వ శతాబ్ది) జైనాలయములకు దానములు చేసినట్లు కలుచుంబర్రు, మలియపూండి శాసనములు తెలుపుచున్నవి. కావున కన్నడదేశపు జైనగ్రంథము గోదావరి తీరమున పఠనపాఠనములలో నుండుట వింత కాదు. మతము వేరైనను లెక్క యొక్కటియే గదా!

మల్లన అనువాదము మక్కికి మక్కి కాదు. భారతమున నన్నయ యెంత స్వాతంత్ర్యము వహించెనో, గణితమున మల్లన యంత వహించెను. మూలమున జినాలయములు, జినపూజలు ఉదాహరణములుగా వచ్చినచోట శివాలయములను, శివపూజలను నిలిపెను. మూలకారుడు వర్గమునకు, ఘనమునకు పెక్కు మార్గములు చెప్పగా, మల్లన ఒక్కొక్క మార్గముతో సరిపెట్టెను. శాస్త్రదృష్టితో జూచిన ఇది లోపమే. కాని పలకపై లెక్క చేయు విద్యార్థికి ఏడు దారులకంటె ఒక్క నిశ్చితమైన దారి మేలు. మల్లన యెవరికొరకు వ్రాసెనో ఈ సంక్షేపమే తెలుపుచున్నది. భూమి కొలతలు, ధాన్యపు కొలతలు, వడ్డీ లెక్కలు చూచు వారికి ఉపయోగపడవలెనని ఆతని యుద్దేశము. తగ్గించినవాడు తగ్గింపుతోనే ఆగలేదు. కొన్ని పట్టుల మూలమును మించి పెంచెను. ఆ పెంచిన పట్టులలో మొదటిది సంఖ్యాస్థానముల వరుస.

స్థానక్రమమును గూర్చి ఆర్యభటుడు 499లోనే సూత్రప్రాయముగా చెప్పెను. ఒక స్థానముకంటె తరువాతి స్థానము పదిరెట్లు. అంతకు మించిన నియమము లేదు. ఆతడు పది స్థానములకు పేర్లు పెట్టి విడిచెను. శ్రీధరాదులు పదునెనిమిది స్థానములు, పరార్ధము వరకు చెప్పిరి. తరువాత భాస్కరాచార్యుడు లీలావతిలో ఆ సంఖ్యనే గ్రహించెను. మహావీరుడు ఇరువదినాలుగు చెప్పెను. మల్లన దానిని ముప్పదియారు చేసెను. ఏకము, దశము, శతము, సహస్రము, దశసహస్రము, లక్ష, దశలక్ష, కోటి, దశకోటి, శతకోటి, అర్బుదము, న్యర్బుదము, ఖర్వము, మహాఖర్వము, పద్మము, మహాపద్మము, క్షోణి, మహాక్షోణి, శంఖము, మహాశంఖము, క్షితి, మహాక్షితి, క్షోభము, మహాక్షోభము అని మహావీరుని వరుస. దీనికి పైన నిధి, మహానిధి మొదలుకొని భూరి, మహాభూరి వరకు పండ్రెండు స్థానములు తెలుగు సంప్రదాయమున చేరినవి. పెద్దబాలశిక్షలలో పిల్లలు వల్లెవేసిన ముప్పదియారు పేర్ల వరుస యిదియే. ప్రతులనుబట్టి ఒకటి రెండు పేర్లు మారుచుండును.

ఈ పేర్లలో ఏ యొక్కదానికిని తనంతట తనకు విలువ లేదు. అర్బుద మనగా నెంత? లీలావతిని జదివినవాడు పదికోట్లనును; అది యచట తొమ్మిదవ స్థానము. మహావీరుని జదివినవాడు వేయికోట్లనును. అది యిచట పదునొకండవ స్థానము. ఖర్వ మచట పదునొకండవది, ఇచట పదుమూడవది. ఒకే శబ్దమునకు రెండు గ్రంథములలో నూరురెట్ల భేదము! పద్మము, మహాపద్మము, శంఖము, ఖర్వము అనునవి కుబేరుని నవనిధుల పేర్లలోను కానవచ్చును. అచట వానికి అంకెల విలువయే లేదు. కావున సంఖ్యకు అర్థమిచ్చునది పేరు గాదు, ఆ పేరు నిలిచిన వరుస. మల్లన వంటి అనువాదకునకు ఇందు పెద్ద బాధ్యత కలదు. కావ్యమున పర్యాయపదము వేసి గణమును సరిచేసికొనవచ్చును. స్థానముల పట్టికలో ఆ వెసులుబాటు లేదు. ఏకమునకు పిదప దశము, దశమునకు పిదప శతము రావలసినదే. ఛందస్సు కొరకు రెండు పేర్లను ముందు వెనుకలు చేసినచో, ఒకటి పదిరెట్లు పెరుగును, మరియొకటి పదవవంతునకు తగ్గును.

వ్యాకరణశాస్త్రజ్ఞులు ఈ క్రమార్థమునే పూరణ మనిరి. పాణిని అష్టాధ్యాయి అయిదవ అధ్యాయమున పూరణార్థమున ప్రత్యయములను విధించెను. పంచమ మనగా అయిదను సంఖ్యను పూరించునది. ముందు నాలుగు లేనిదే పంచమము లేదు. తెలుగున అయిదవ, ఆరవ అనుచోట్ల చేరు ప్రత్యయమునకును అదియే ప్రయోజనము. సంస్కృతమున ప్రథమశబ్దము ఏకశబ్దమునుండి పుట్టలేదు. తెలుగున మొదటి యను మాటయు ఒకటినుండి పుట్టలేదు. మొదటిదానికి ముందు పూరింపవలసిన వరుస యేదియు లేదు గనుక రెండు భాషలును దానిని వేరుగా చూచినవి కాబోలు. లక్ష ఆరవ స్థానము. అయినను దానిలో సున్నలు అయిదే. మహాభూరి ముప్పదియారవది, సున్నలు ముప్పదియైదు. స్థానమును లెక్కించుట ఒకటి, పదిచే గుణించిన పర్యాయములను లెక్కించుట మరియొకటి. తొలి స్థానమగు ఏకమును చేరుటకు ఒక్కమారైనను పదిచే గుణింపనక్కర లేదు. ఈ ఒక్క వాసి భేదమును మరచినందువలన వ్రాతప్రతుల వ్యాఖ్యలలోను, అచ్చు పట్టికలలోను పొరపాట్లు దొరలుట కలదు.

స్థానక్రమమునకు మరియొక గుణము కలదు. అంకెలకు పేర్లు పెట్టుట కుడినుండి ఎడమకు సాగును. ఏకస్థానము కుడిచివర నుండును. రెండు సంఖ్యలలో పెద్దది యేదో తెలిసికొనుట ఎడమనుండి కుడికి సాగును. 1000, 999 అను సంఖ్యలను పోల్చునపుడు మొదటిదానిలో మూడు సున్నలున్నను, రెండవదానిలో అన్నియు తొమ్మిదులే యైనను, నాలుగవ స్థానము గలది పెద్దది. పైస్థానమున తేడా కనబడినంతనే క్రింది స్థానములను చూడ బనిలేదు. పేరుపెట్టు వరుస ఒక దిక్కుగా, పోల్చు వరుస దానికి ఎదురుదిక్కుగా నుండుట దశమానపద్ధతి ప్రత్యేకత. అంకముల గతి వామముగా నుండునన్న పూర్వుల నియమము మొదటి వరుసకు మాత్రమే చెందును.

ఈ రెండు దిక్కుల చిక్కును బోధించుటకో యనునట్లు మహావీరుడు గుణకారాధ్యాయమున కొన్ని వింతలెక్కలు కూర్చెను. ఎటునుండి చదివినను ఒకటిగా నుండు ఫలములవి. వానిని రాజుల కంఠాభరణములతో పోల్చెను. 12345679ను 9చే గుణించిన 111111111 వచ్చును. 142857143ను 7చే గుణించిన 1000000001 వచ్చును. ఇరుచివరల రెండు మణులు, నడుమ ఎనిమిది సున్నలు. 333333666667ను 33చే గుణించిన 11000011000011 వచ్చును. అన్నింటికంటె చక్కనిది 27994681ను 441చే గుణించుట. ఫలము 12345654321. ఒకటినుండి ఆరు వరకు క్రమముగా నెక్కి, మరల క్రమముగా దిగు హారమిది. మల్లన వీనిని గ్రహించుటయే గాక, మూలమున లేని ఇట్టి లెక్కలను పెక్కింటిని చేర్చెను. వర్గమునకు ఒక్క మార్గముతో తృప్తి నొందినవాడు ఈ హారములయెడ ఇంత మక్కువ చూపుటకు కారణ మేమి?

కవి గనుక అంకెల సొగసునకు లోనయ్యెనని చెప్పుట సులభము. అది కొంతవరకే నిజము. 441చే గుణించునపుడు మూడు పంక్తులు వ్రాయవలెను. ఒకటిచే గుణించిన పంక్తి ఏకస్థానమున, నాలుగుచే గుణించినది దశస్థానమున, మరల నాలుగుచే గుణించినది శతస్థానమున మొదలు కావలెను. నడిమి పంక్తిని ఒక్క స్థానము కుడికి జరిపి ఏకస్థానముననే మొదలిడినచో 11337845805 అని వచ్చును. హారము తెగిపోవును. గురువు చూడకయే శిష్యుడు తన తప్పును తెలిసికొనును. వ్రాసి తుడుచుకొను పలకలమీద, ఇసుకలో లెక్కలు నడచిన కాలమున ఇట్టి స్వయంపరీక్షకు విలువ మెండు. పైగా ఫలము ఎటునుండి చదివినను ఒక్కటే యగుటచే, పద్యమున అంకెలను వామగతిగా చెప్పినను, ఎడమనుండి చెప్పినను పొరపాటు లేదు. హారగణితము వినోదమునకు మాత్రమే చేర్చినది కాదని తోచుచున్నది. స్థానక్రమమును తప్పక పాటించు అలవాటును చేతికి నేర్పు సాధన మది.

మల్లన పేర పండితలోకమున మిక్కిలి ప్రసిద్ధమైన పద్యము చదరంగపు గళ్లను గూర్చినది. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గళ్లు ఇనుమడించి నింపినచో మొత్తమెంత? 18446744073709551615. ఇరువది స్థానముల ఈ సంఖ్యను మల్లన ఒక్క పద్యమున భూతసంఖ్యలతో నిబంధించెను. బాణవాచకముతో మొదలై చంద్రవాచకముతో ముగియుచున్న ఆ పద్యమున బాణము లైదు గనుక ఏకస్థానమున అయిదు, చంద్రు డొక్కడు గనుక ఇరువదవ స్థానమున ఒకటి. చెవికి చివర వినబడునది వ్రాతలో మొదటిదగును. ఈ సంఖ్యలో ఏడు మూడుమారులు వచ్చును. మూడుమారులును పర్వతవాచకములే, కాని మూడును వేరు శబ్దములు. నాలుగు నాలుగుమారులు వచ్చును. సముద్రము, వేదము, బ్రహ్మముఖము వంతులు తీసికొన్నవి. సున్నలు రెండు, రెంటికిని ఆకాశమే శరణ్యము. ఇచట పర్యాయపదములకు చోటున్నది. వరుసకు మాత్రము చలనము లేదు. ఒక్క పదము జారిపోయినచో పద్యమున గణభంగము కలిగి తెలిసిపోవును. అంకెలతో వ్రాసిన తాళపత్రమున ఒక అంకె జారిన నెవరికి దెలియును?

ఈ సంఖ్యను స్థానములనుబట్టి చదివినచో ఒక మహాశంఖము, ఎనిమిది శంఖములు, నాలుగు మహాక్షోణులు, నాలుగు క్షోణులు, ఆరు మహాపద్మములు, ఏడు పద్మములు, నాలుగు మహాఖర్వములు, నాలుగు ఖర్వములు, న్యర్బుదము శూన్యము, ఏడు అర్బుదములు, మూడు శతకోట్లు, ఏడు దశకోట్లు, కోటి శూన్యము, తొమ్మిది దశలక్షలు, అయిదు లక్షలు, అయిదు పదివేలు, ఒక వేయి, ఆరు నూరులు, ఒక పది, అయిదు. న్యర్బుదస్థానమున ఏమియు లేదు. అయినను ఆ స్థానము తొలగిపోలేదు. తొలగినచో ఖర్వములు పదవవంతునకు దిగిపోవును. పరార్ధముతో ఆగిన పదునెనిమిది స్థానముల పట్టికతో ఈ సంఖ్యను చెప్పబోయిన రెండు స్థానములు తక్కువ పడును. మహావీరుని పట్టికకు ఇది సులభముగా లొంగును. పెద్ద పట్టికలు వట్టి ఆడంబరము లన్న విమర్శ కలదు. చదరంగపు లెక్క యొక్కటియే ఆ విమర్శకు సమాధానము చెప్పగలదు.

అయితే ఇరువదినాలుగింటికి పైన చేరిన పండ్రెండింటికి వ్యవహారమున పని యున్నదా యనిన, లేదనియే చెప్పవలెను. ఆ పండ్రెండింటిలో అనంతము, అవ్యయము, అచింత్యము, అమేయము అను పేర్లున్నవి. అన్నియు పరమేశ్వరునకు చెల్లు విశేషణములు. మేర లేనిదానిని చెప్పునవి. కాని పట్టికలో అనంతము ఇరువదితొమ్మిదవ స్థానము మాత్రమే. ఒకటి పక్కన ఇరువదియెనిమిది సున్నలు. దానికి పైన సాగరము, అవ్యయము నున్నవి. అంతము లేనిదానికి తరువాతిది యుండుట శబ్దార్థమున విరుద్ధము, స్థానార్థమున సహజము. జైనులు సంఖ్యాతము, అసంఖ్యాతము, అనంతము అని రాశులను మూడు తెగలుగా విభజించిరి. వారి అనంతము లెక్కకు అందనిది. పట్టికలోని అనంతము లెక్కకు అందినది. రెంటిని ముడిపెట్టి, పాశ్చాత్యదేశమున 19వ శతాబ్దిలో కాంటర్ అనంతమునకు ఆవలి క్రమసంఖ్యలను నిరూపించుటకు ముందే మనవారది చెప్పిరనుట సాహసము. మల్లన వరుసలో చెప్పినది పదిరెట్ల నియమము ఎచటను ఆగదనుట మాత్రమే. అదియే తక్కువ కాదు. ఒక సంఖ్యకు తరువాతి సంఖ్య తప్పక యుండుననుటయే క్రమమునకు ఆధారమని ఇటలీదేశపు పియానో 1889లో సూత్రీకరించెను.

మహావీరుని గ్రంథమున దోషములు లేకపోలేదు. ఒక రాశిని శూన్యముచే భాగించినను అది మారదని ఆతడు చెప్పెను, అది చెల్లదు. ఋణరాశికి వర్గమూలము లేదని చెప్పినది ఆ కాలమున గట్టిమాట. శూన్యము స్థానమును నిలుపుటలో ఎంత స్పష్టత చూపెనో, శూన్యముతో క్రియ చేయుటలో అంత చూపలేకపోయెను. సున్నను ఖాళీగా చూచుట అలవడినవానికి దానిని సంఖ్యగా చూచుట కష్టమే. ఈ విషయమున బ్రహ్మగుప్తుడు మహావీరునికంటె ముందడుగున నుండెను.

ఇటలీ వర్తకులకు భారతీయాంకముల స్థానపద్ధతిని ఫిబొనాచ్చి 1202లో గ్రంథముగా నేర్పెను. అంతకు సుమారొక శతాబ్దము ముందే గోదావరి తీరమున ఆ పద్ధతిని దేశభాషలో పద్యములుగా నేర్పిన గ్రంథము వెలసినది. పోలిక యింతవరకే సరి. ఫిబొనాచ్చి తన జనులకు కొత్తది తెచ్చెను. మల్లన తన జనుల చేతిలో నున్నదానికి వారి భాషలో శాస్త్రరూప మిచ్చెను. సంస్కృతము రాని లెక్కగాడు శాస్త్రమునకు వెలిగా నుండవలసిన స్థితి అంతటితో తొలగినది. ఎలుగంటి పెద్దన లీలావతిని ప్రకీర్ణగణితముగా తెనిగించుటకు దారి చూపినది మల్లనయే. గ్రామకరణముల యిండ్లలో పావులూరి గణితము వ్రాతప్రతులుగా శతాబ్దముల తరబడి నిలిచెను.

మహావీరుని మూలమును రంగాచార్యులు పరిష్కరించి, ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసునుండి వెలువరించిన పిమ్మట, తెలుగు గ్రంథమును మూలముతో సరిపోల్చి చూచుటకు వీలు కలిగినది. మల్లన గ్రంథ ప్రథమభాగము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణమున, ఆయన గతించిన పిదప, 1952లో తిరుపతిలో అచ్చైనది. ఈ గ్రంథమును పరిష్కరించువారికి సామాన్యకావ్యములకు లేని యొక పని కలదు. పాఠభేదము వచ్చినచోట రసమునుబట్టి గాని, వ్యాకరణమునుబట్టి గాని ఒక పాఠమును గ్రహించిన చాలదు. లెక్క చేసి చూడవలెను. గుణ్యమున ఒక్క పదము మారినను హారము తెగును. ఏ ప్రతిలోని పాఠముతో హారము నిలుచునో అదియే కవి పాఠము. ఈ పరీక్ష స్థానముల పట్టికకు మాత్రము పనికిరాదు. అచట నిధికి ముందు క్షోభమా, క్షోభమునకు ముందు నిధియా యని గుణించి తేల్చుటకు వీలులేదు. ప్రతులను పక్కపక్కన బెట్టి, ఎక్కువ తావుల కనబడు వరుసను గుర్తించుట యొక్కటియే మార్గము.